మామ్మ పాడుకున్న లాప్‌టాప్

ఆ రోజుల్లో ఇంజనీరింగులో చేరిన ప్రతి కుర్రాడికీ రెండు లాప్‌టాప్‌లు ఉండేవి. ఒకటి ఇంట్లో అడిగేది, అది చదువు కోసం. రెండోది మనసులో ఉండేది, అది ఆటల కోసం. ఈ రెండూ ఒకే యంత్రంలో ఇమిడి, ఆ యంత్రం నాన్న స్తోమతులో ఇమిడితే అంతకన్నా అదృష్టవంతుడు కాలేజీలో లేడని లెక్క. (ఇప్పటి పిల్లలకు పాలసీసాతో పాటే సెల్‌ఫోను అందుతోంది కాబట్టి ఈ బాధ చెప్పినా అర్థం కాదు.) మాది చీపురుపల్లి దగ్గర ఒక పల్లె. నాన్న జూట్ మిల్లులో పనిచేసేవాడు. నేను హాస్టల్లో చేరిన కొత్తలో సాయంత్రమైతే చాలు, సీనియర్లు వాళ్ళ గదిలో లాప్‌టాప్‌లన్నిటికీ తీగలు కలిపి కార్ల పందాలు ఆడేవారు. నేను వాళ్ళ కుర్చీల వెనక నిలబడి, మలుపు వచ్చినప్పుడల్లా వాళ్ళతో పాటు పక్కకు ఒంగేవాణ్ణి. అలా పరాయి కార్లతో ఒంగి ఒంగి నడుము పట్టేసేది గాని, నువ్వూ ఒక ఆట ఆడతావా అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. మొదటి సెమిస్టరు పరీక్షలయి ఇంటికొచ్చేసరికి నాకు లాప్‌టాప్ తప్ప లోకంలో మరో వస్తువు కనబడటం లేదు.

ఈ విషయంలో నా గురువు మా మేనత్త కొడుకు. విజయనగరంలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. పెళ్ళికి వెళ్ళినా చావుకి వెళ్ళినా జేబులో ఛార్జరు లేకుండా వెళ్ళడు కనక అందరూ ఛార్జరు బావ అనేవారు. బావ నాకు ఫోన్లో నూరిపోసిన విద్య అంతా ఒక్క మాటలో ఉంది: గ్రాఫిక్స్ కార్డు. అది లేని లాప్‌టాప్‌లో పాఠాలు చదువుకోవచ్చు, సినిమా చూడొచ్చు, కారు మాత్రం పరిగెత్తదు. అది ఉన్నదానికి ధర ఎక్కువ, బరువూ ఎక్కువ. అంచేత నాన్నను ఒప్పించడానికి ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. ఇంజనీరింగ్ డ్రాయింగు కంప్యూటర్లో గియ్యాలంటే ఆ కార్డు ఉండి తీరాలని దాని సారాంశం. ఇది అబద్ధమేమీ కాదు, నిజంలో చిన్న ముక్క. వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తున్న మామ్మ (నాన్నని కన్నతల్లి) ముందు దీన్ని ఒకసారి అప్పజెప్పి చూసుకున్నాను. మామ్మ అంతా విని, పిక్కల మీంచి తలెత్తకుండా, "ఆట్లాడుకోడానికి కాదేటి?" అంది. నేనూ ఒక చింతపండు తీసుకుని పిక్క తియ్యడం మొదలుపెట్టాను. "సదువుకున్నోడికి ఆట ఉండాల. అంత ఇష్టమైంది సెప్పీడానికి సిగ్గేటి?" అంది. నిజానికి ఆ ఇంట్లో నా కోరిక లోతు తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే.

శనివారం పొద్దున్న రైలెక్కి నాన్నా నేనూ విజయనగరం వెళ్ళాం. బావ స్టేషన్‌కే వచ్చి మమ్మల్ని లాప్‌టాప్‌లు అమ్మే కొట్టుకు తీసుకెళ్ళాడు. అక్కడ ఏసీ చల్లదనానికి నాన్న చొక్కా గుండీలు పైదాకా పెట్టుకున్నాడు. సేల్స్ కుర్రాడు రెండు రకాలు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఒకటి పలచగా, సొగసుగా, మా డబ్బుల్లో వచ్చేది. రెండోది కార్డు ఉన్నది, మందంగా, మా డబ్బులకు అందకుండా ఉన్నది. నేను గొంతు సవరించుకుని ఉపన్యాసం మొదలుపెట్టబోతున్నాను. ఈలోగా నాన్న, జూట్ మిల్లులో గోనెసంచులు చూసే పద్ధతిలో, రెండింటినీ రెండు చేతుల్లోకి తీసుకుని, పైకీ కిందికీ ఆడించి తూకం చూశాడు. తర్వాత మూతలు వేలితో కొట్టి చెవి పెట్టి విన్నాడు. సేల్స్ కుర్రాడు లోపలి సంగతులు ఇంగ్లీషులో చదువుతూనే ఉన్నాడు, నాన్న మాత్రం పలచటిదాన్ని బల్లమీద పెట్టేసి, "ఇది తేలిక సరుకు. నాలుగేళ్ళ సదువుకి ఆగదు. బరువుదే తియ్యి," అన్నాడు. నేను వారం రోజులు బట్టీపట్టిన ఉపన్యాసం నోట్లోనే ఉండిపోయింది. కార్డు గురించి ఒక్క ముక్క చెప్పకుండా కార్డు ఉన్నది నాన్న చేతిలోకి వచ్చేసింది.

అయితే ధర సంగతి ఉండనే ఉంది. నాన్న దాన్ని కింద పెట్టలేక, కొనలేక అలా పట్టుకునే నిలబడ్డాడు. నాకు ఆయన ముఖం చూడలేక పలచటిదే బాగుందని చెప్పేద్దామనిపించింది. అప్పుడు బావ కుర్రాణ్ణి పక్కకు తీసుకెళ్ళి ఏదో మాట్లాడాడు. ఆ కుర్రాడు వీధివైపు అద్దాల బీరువాలో నమూనాగా పెట్టిన యంత్రాన్ని తెచ్చాడు. అచ్చం అదే రకం, కార్డుతో సహా. కాకపోతే పడమటి ఎండకు దాని మూత సగం వెలిసిపోయి, ఒకవైపు నలుపుగా, మరోవైపు బూడిదగుమ్మడికాయలా ఉంది. బ్యాటరీ కూడా కోడిగుడ్డు ఉడికేంతసేపే నిలుస్తుందట. అందుకే తగ్గించి ఇచ్చారు. నాన్న నావైపు అనుమానంగా చూసి, "మూత మీద సదవవు కదా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను. తిరుగు రైల్లో దాన్ని ఒళ్ళోనే పెట్టుకున్నాను.

ఇంటికి రాగానే మామ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, వెలిసిన మూతను ఒకసారి నిమిరింది. మనింట్లో ఇలాంటిది ఇదే మొదటిదా అని అడిగింది. నేను ఊరుకుంటే పోయేది. మనింట్లో కాదు, మన పేట మొత్తానికి ఇదే మొదటిదని గొప్పగా చెప్పాను. ఆ మాటతో నా గొయ్యి నేనే తవ్వుకున్నానని అప్పుడు తెలియదు.

ఇక్కడ మా మామ్మ సంగతి కొంచెం చెప్పాలి. మాది తాతల నాటినుంచీ బాప్టిస్టు సంఘం. మామ్మ లెక్కలో మొదట వచ్చిందేదైనా దేవుడిది. పెట్ట పెట్టిన మొదటి గుడ్డు, పాదుకు కాసిన మొదటి ఆనపకాయ, చెట్టుకు దిగిన మొదటి మునక్కాడ, అన్నీ చర్చికే. ఏటా పంట ఇంటికొచ్చాక కోతపండగ చేస్తాం. ఆ ఆదివారం అందరూ తమ తొలిపంట తెచ్చి చర్చిలో ముందున్న బల్లమీద పెడతారు. పాస్టరుగారు ప్రార్థన చేశాక వాటిని అక్కడే వేలం వేస్తారు. ఇచ్చినవాళ్ళే మళ్ళీ పాడుకోవచ్చు, కాని పాట పాడకుండా వెనక్కి తీసుకోవడానికి లేదు. లాప్‌టాప్ కొన్న మర్నాడే కోతపండగ కావడం మామ్మ దృష్టిలో యాదృచ్ఛికం కాదు.

ఆ ఆదివారం నేను పాటల బృందంతో ముందు వరసలో నిలబడ్డాను. బల్లకు రెండువైపులా చెరకుగడలు కట్టారు. బల్లమీద గుమ్మడికాయలు, వరి కంకులు, గుడ్ల బుట్ట, కాళ్ళు కట్టిన పుంజు, అరటి గెల ఉన్నాయి. ఆ గెల కింద తెల్ల తువ్వాలులో చుట్టిన బల్లపరుపు వస్తువేదో ఉంది. దేవుడికి ఎవరో పీట ఇచ్చారు కాబోలు అనుకున్నాను. అంతలో గుమ్మడికాయ పక్కనుంచి నల్లటి తీగ వేలాడుతూ కనిపించింది. నా పాట అక్కడే ఆగిపోయింది. మామ్మ ఛార్జరు కూడా పెట్టింది, దేవుడికి ఇచ్చేది సగం సగం ఇవ్వకూడదు కదా. మగవాళ్ళ వైపు కూర్చున్న నాన్న నన్ను చూశాడు, నేను తీగను చూశాను, ఇద్దరం కలిసి ఆడవాళ్ళ చాపల వైపు చూశాం. మామ్మ కళ్ళు మూసుకుని హాయిగా ప్రార్థన చేసుకుంటోంది.

ప్రార్థన అవగానే నాన్న పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి చేతులు నలుపుకున్నాడు. పాస్టరుగారు దయగల మనిషి. వెనక్కి ఇవ్వడానికి వీల్లేదుగాని, మీరే చిన్న పాట పాడుకోండి, మీమీద ఎవరూ పెంచకుండా చూస్తామన్నారు. ఆ కబురు చెవిలోంచి చెవిలోకి చర్చి అంతా పాకింది. ఒక్క మామ్మకే ఎవరూ చెప్పలేదు. ఇచ్చిన మనిషే అడ్డుపడుతుందని ఎవరనుకుంటారు? వేలం నడిపే పెద్దాయనను వేలం తాత అనేవాళ్ళం. మామూలుగా ఆయన చేతిలో పడితే ఒక్క మునక్కాడ కట్ట ధరకు పోయేది. అలాంటి తాత మా కోసం ఆ రోజు తన ధర్మం తప్పడానికి సిద్ధపడ్డాడు. లాప్‌టాప్‌ను అరటి గెల కిందనుంచి జాగ్రత్తగా తీసి పైకెత్తాడు. నాన్న వంద అన్నాడు. తాత ఊపిరి తీసుకోకుండా ఒకటోసారి, రెండోసారి అనేశాడు. మూడోసారి నోటిదాకా వచ్చేసరికి ఆడవాళ్ళ వైపు నుంచి ఒక గొంతు నూట యాభై అంది.

మామ్మ లేచి నిలబడి ఉంది. నాన్న బిక్కచచ్చిపోయి రెండొందలన్నాడు. మామ్మ రెండొందల యాభై అంది. అమ్మ కింద కూర్చుని మామ్మ చీర చెంగు లాగుతోంది, మామ్మ ఆ చెంగు విడిపించుకుని నడుముకు దోపుకుంది. నాన్న జేబు తడుముకుని, గొంతు తగ్గించి, మూడొందలన్నాడు. రైలు ఛార్జీలు పోను ఆయన దగ్గర మిగిలింది అంతేనని నాకు తెలుసు. మామ్మ దగ్గర డబ్బు లేదని కూడా నాకు తెలుసు, ఇక ఆగిపోతుందని ధైర్యం తెచ్చుకున్నాను. మామ్మ ఒక్క క్షణం ఆలోచించి, "నా బొల్లి పెట్ట. దాని పిల్లలు కూడాను," అంది.

చర్చి గొల్లుమంది. వేలం తాత మూడొందల రూపాయలు ఎక్కువో, పిల్లల పెట్ట ఎక్కువో తేల్చుకోలేక పాస్టరుగారి వైపు చూశాడు. ఆయన నవ్వు ఆపుకుని, పిల్లలున్న పెట్ట ముందు ముందు ఎంతవుతుందో ఎవరూ లెక్క కట్టలేరు కనక అదే పెద్ద పాట అని తీర్పు చెప్పారు. అలా లాప్‌టాప్ మామ్మదైంది. పెట్ట సంఘానిదైంది కాబట్టి వెంటనే దాన్నీ వేలానికి పెట్టారు. నాన్న మిగిలిన మూడొందలకు పెట్టను పాడుకున్నాడు. ఈసారి మామ్మ మాట్లాడలేదు, పెట్ట ఇంటికొస్తున్నందుకు సంతోషంగానే ఉంది. మా ఇంట్లోంచి వెళ్ళినవి మా ఇంటికే వచ్చాయి, మూడొందలు దేవుడికి చేరాయి, అందరూ బాగానే ఉన్నారు, నేను తప్ప. నా లాప్‌టాప్‌కు యజమాని మారిపోయింది.

ఆ మధ్యాహ్నం నేను అలిగి కోడికూర కూడా ముట్టుకోలేదు. (అది ఆ పెట్ట కాదు, వేరే కోడి.) మామ్మ కంచం పట్టుకుని నా పక్కన కూర్చుంది. నాకు అదంటే ఎంత ఇష్టమో తెలిసి కూడా ఎందుకిచ్చావని అడిగాను. "ఇష్టమైందనే ఇచ్చాను. ఇష్టం లేంది దేవుడికేటికి?" అంది. మరి నాన్న పాడుకుంటుంటే పైన పెంచడం ఎందుకని నిలదీశాను. మామ్మ నా వైపు జాలిగా చూసింది. "నాను పెంచకపోతే నీ బాబు వందకి కొట్టుకుపోతాడు. నువ్వంత ఇష్టపడి తెచ్చుకున్నాది వందకి పోతాదేటి?" అంది. కోపంలో ఉండి ఆ మాట సరిగ్గా వినలేదు గాని, ముద్ద మాత్రం తిన్నాను.

ఆ తర్వాత మూడేళ్ళూ అది మామ్మ లాప్‌టాపే. సెలవుల్లో ఇంటికొస్తే తన మంచం మీదే పెట్టి కారు ఆట చూపించాలి. "బేగి పోనీ, బేగి పోనీ," అని మామ్మ తొందరపెట్టేది, తీరా నేను వేగంగా వెళ్ళి ఎవరినైనా గుద్దితే పాపం ఎవరి బండోనని బాధపడి, ఆపి చూడమనేది. ఆదివారం ఆట లేదు, యజమాని ఆజ్ఞ. హాస్టలుకు ఫోను చేస్తే మొదట తన లాప్‌టాప్ పెట్టె ఎలాగున్నాదని అడిగి, ఆ తర్వాతే తిన్నావా అని అడిగేది. సంగతి తెలిసిన సీనియర్లు లాప్‌టాప్ కావాల్సినప్పుడల్లా మామ్మగారి అనుమతి ఉందా అని అడిగేవారు. వాళ్ళ గదిలో పందెంలో నాకూ చోటు దొరికింది. బ్యాటరీ లేకపోయినా, మూత వెలిసినా, మామ్మ కారు చాలాసార్లు మొదట వచ్చింది.

ఆఖరి సంవత్సరంలో మామ్మ పోయింది. ఆవిడ కళ్ళజోడు, బైబిలు, నేత చీరలు సర్దుతూ అమ్మ నావైపు తిరిగి, "ఇంక అది నీదేరా," అంది. మూడేళ్ళుగా నా ఒళ్ళోనే ఉన్న వస్తువు. అది నాదైన రోజున ఏడ్చినంతగా, నాది కాకుండా పోయిన రోజున కూడా ఏడవలేదు.

ఉద్యోగం వచ్చాక మొదటి జీతంతో కొత్త లాప్‌టాప్ కొన్నాను. ఈసారి మూత వెలిసిపోలేదు, బ్యాటరీ నిలుస్తుంది, కార్డు సంగతి చెప్పనక్కర్లేదు. కోతపండగనాడు దాన్ని తువ్వాలులో చుట్టి, ఛార్జరుతో సహా, నేనే తీసుకెళ్ళి బల్లమీద పెట్టాను. వేలం తాత మరీ ముసలివాడయ్యాడు, మెల్లగా దాన్ని పైకెత్తాడు. నేను వంద అన్నాను. సంఘమంతా పాత అలవాటు కొద్దీ మర్యాదగా ఊరుకుంది. తాత ఒకటోసారి అన్నాడు. నాకు తెలియకుండానే ఆడవాళ్ళ చాపల వైపు చూశాను. అమ్మ ఉంది, మిగతా అందరూ ఉన్నారు, ఎవరూ లేవలేదు. తాత రెండోసారి అన్నాడు.

"నూట యాభై," అన్నాను.

తాత కళ్ళజోడు పైకి జరుపుకుని, "ఒరే, వంద పాట నీదేరా," అన్నాడు.

"తెలుసు తాతా. వందకి పోతాదేటి?" అన్నాను.

తాత గొంతు సవరించుకుని, నూట యాభై అని పాత రోజుల్లోలా గట్టిగా కేకేసి, ఒకటోసారి నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు.