ఈగలకు వండిన మనిషి

ముప్పయ్యేళ్ళు క్యాంటీన్‌లో గరిట తిప్పినన్నాళ్ళూ ఆయనకు ఆగర్భశత్రువు ఈగ. రిటైరయ్యాక ఈగలు తోలుకుంటూ కూర్చుంటానని అందరితో చెప్పుకున్నాడు. తీరా రిటైరయ్యాక దొరికిన పనేమిటయ్యా అంటే, ఒక పరిశోధనశాలలో ఈగలకు వంట చేయడం. దేవుడికి పనీపాటా ఉండదని ఊరికే అనరు.

మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు కలిపి జావలా కాచి, వేలెడంత గాజు గొట్టాల్లో పోయాలి. అది గట్టిపడ్డాక గొట్టానికి ఇరవై చొప్పున సన్న ఈగల్ని వదిలి, దూది బిరడా పెట్టాలి. నెల తిరిగేసరికి ఆయన్ని అందరూ ఈగల బాబాయ్ అనసాగారు. ఆయన కూడా పొంగిపోయాడు.

ఆ ఈగలు రోగిష్టివి. మనుషుల చేతులు వణికించే జబ్బునే వాటికి తెప్పించారు. ఆ పరిశోధన చేస్తున్న అమ్మాయి మొదటిరోజే ఆయనకు అర్థమయ్యేలా చెప్పింది.

"పెద్ద దుప్పటి ఒక్కరే మడిస్తే ఏమవుతుంది బాబాయ్?"

"ఉండచుట్టుకుపోతుంది."

"ఒంట్లో ప్రోటీన్లూ అంతే. సరిగ్గా మడత పడాలి. అవతలి కొస పట్టుకోవడానికి తోడు ప్రోటీన్లని వేరే ఉంటాయి. అవి చాలకపోతే మిగతావి ఉండలు కట్టి మెదడులో పేరుకుంటాయి. ఆ తోడు ప్రోటీన్లను పెంచే మందు కోసమే నా తిప్పలు."

ఆయన ఇంట్లో అక్కకు అదే జబ్బు. గ్లాసు పట్టుకుంటే సగం నీళ్ళు ఒళ్ళోనే. ఆ రోజు నుంచి ఆ ఈగలకు మరింత శ్రద్ధగా వండాడు.

పరీక్ష తేలికే. గొట్టాన్ని బల్లమీద తడితే ఈగలన్నీ అడుగున పడతాయి. పది సెకన్లలో ఎన్ని పైకి పాకి, గొట్టం మీద గీసిన గీత దాటాయో లెక్కపెట్టాలి. రోగిష్టివి మూడో నాలుగో ఎక్కేవి. రెండేళ్ళుగా ఎన్ని మందులు మార్చినా లెక్క మారలేదు. ఒక గురువారం పొద్దున మాత్రం మందు కలిపిన గొట్టంలో పదహారు ఎక్కాయి. ఆ అమ్మాయి బల్ల పట్టుకుని నిలబడిపోయింది. పరిశోధనశాల నడిపే పెద్ద మేడమ్ పరుగున వచ్చింది. అందరికీ మిఠాయిలు పంచారు.

ఈగల బాబాయ్ మాత్రం తన మిఠాయిని తినకుండా బల్లమీద పెట్టేశాడు. ముందురోజు సాయంత్రం ఆయన ఒక పని చేశాడు. ఈగల్ని ఫ్రిజ్‌లోంచి తీసిన కొత్త తిండిలోకి మార్చాక గొట్టం పట్టుకుంటే మంచులా తగిలింది. చల్లటి తిండి వడ్డించడం ఆయన ఇంటావంటా లేదు. పైగా ఇవి జబ్బు ప్రాణాలు. గాజుసామాను ఆరబెట్టే వెచ్చటి పెట్టెలో ఒక్క స్టాండుకే చోటుంది. మందు గొట్టాల స్టాండును ఈగలతో సహా గంటసేపు అందులో పెట్టి తీశాడు. ఈగలు ఎక్కింది మందు వల్లో, ఆ వేడి వల్లో ఇప్పుడెవరు చెప్పగలరు?

చెబితే ఆ అమ్మాయి రెండేళ్ళ ఆశ కూలుతుంది. ఉద్యోగమూ ఊడొచ్చు. చెప్పకపోతే ఆ మందు ఏనాటికో అక్కలాంటి వాళ్ళ నోట్లో పడుతుంది. ఆయన మధ్యాహ్నం దాకా తట్టుకుని, ఇక ఆగలేక ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు.

"నేనొక వెధవ పని చేశానమ్మా" అని మొత్తం చెప్పేశాడు.

ఆ అమ్మాయి ముఖం మాడిపోయింది. "వెచ్చబెట్టారా? ఈగల్నా?" అంది. తర్వాత వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ వారం ఆయన నరకం చూశాడు.

వారం తర్వాత కొత్త గొట్టాలు బల్లమీద పెట్టి ఆయన్ని పిలిచింది. "మీరే తట్టండి" అంది.

మందు ఉండి వెచ్చబెట్టనివి మూడు ఎక్కాయి. మందు లేకుండా వెచ్చబెట్టినవి పదహారు.

"నా మందు దండగ" అంది ఆ అమ్మాయి. కళ్ళు తుడుచుకుంది. ఉన్నట్టుండి నవ్వింది. "వేడి తగిలితే తోడు ప్రోటీన్లు పెరుగుతాయని పుస్తకాల్లో నేనూ చదివాను. చదివి, మందు వెంట పడ్డాను. వేడి ఇంత పని చేస్తుందంటే అసలు సంగతి అందులోనే ఉంది బాబాయ్. మళ్ళీ మొదలుపెడదాం. రేపు ఏడింటికే రండి. ఎన్ని నిమిషాలు వెచ్చబెట్టారో ఈసారి రాసిపెట్టండి."

ఆయనకు ఏనుగెక్కినంత సంతోషమైంది. ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పకుండానే అక్కకు కథంతా చెప్పాడు.

"అయితే నన్నూ పొయ్యిమీద పెడతావా ఏంట్రా?" అంది అక్క.

"నువ్వు ఉడకవులే" అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

"మందు రావడానికి ఇంకా ఏళ్ళు పడుతుందక్కా. అసలు వస్తుందో రాదో కూడా తెలీదు."

"అది సరేలే." అక్క వణికే చేతిని మరో చేత్తో పట్టుకుంది. "ఆ జబ్బు ఈగలు నిజంగా పైకి ఎక్కాయా?"

"ఎక్కాయి. ఇరవైలో పదహారు. నేనే లెక్కపెట్టాను."

"మళ్ళీ చెప్పు" అంది అక్క.