ఎముకలతో వేసిన కుందేలు మాంసం

మా సంఘంలో కుందేలు మాంసం ముట్టరు. నెమరు వేసినా గిట్టలు చీలని జంతువు అపవిత్రమని బైబిల్లోని ధర్మశాస్త్రంలో చదువుకున్నాను. ఈనాటికీ నమ్ముతాను. మా అన్న మాత్రం ఆరాధనకు రావడం మానేసి, గోపాల్‌పేటలో మా ఇంటి వెనకే షెడ్డు వేసి కుందేళ్లు పెంచాడు. రెండువేల సంవత్సరం దాటిన ఆ ఏళ్లలో చాలామంది పెంచారు. తర్వాత కొనేవాళ్లు రావడం మానేశారు. ఇక అన్నావాళ్లు ఇంట్లోనే కోసుకుని తినసాగారు. మాది ఒకే వాకిలి, రెండు పొయ్యిలు. ఆ కూర వాసన వస్తే నేను తలుపు వేసుకునేవాణ్ని. అది చూసి వదిన కావాలనే గరిటె చప్పుడు చేసేది.

ఒకరోజు వదిన చేనికి పోతూ ఉడికిన మాంసం గిన్నె నా ముందు పెట్టింది.

“నువ్వైతే తినవు. కుక్కకన్న పెట్టు. ఎముకలు ఏరి పెట్టు, మర్చిపోకు.”

ఆ కుక్క ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. అడవిపందులు వేరుశనగ చేను తవ్వకుండా రాత్రంతా కాచేది. ఆ మాంసంలో వేళ్లు పెట్టడం నావల్ల కాలేదు. గుడ్డతో గిన్నె పట్టుకుని, ఎముకలతో సహా కుమ్మరించాను. కుక్కకు ఎముకలు కొత్తా అనుకున్నాను.

పొద్దు వాలేసరికి దాని నోటి నుంచి సొంగ కారుతోంది. ముందుకాళ్లతో మూతి గీరుకుంటూ తల విదిలిస్తోంది. చేనినుంచి వచ్చిన అన్న చూసి కర్ర అందుకున్నాడు.

“పిచ్చి లేసింది దీనికి. దూరం జరుగుండ్రి.”

వదిన అడ్డం నిలబడింది. “జర ఆగు. పొద్దుగాల మంచిగనే ఉండె.”

“కరిచినంక ఆగుమంటవా?”

నాకు సంగతి తెలుసు. చెబితే ఆమె ముందు తల వంచాలి. కర్ర పైకి లేచేదాకా నోరు మెదపలేదు.

“ఎముకలు తియ్యకుండ ఏసిన, వదినా.”

“నీ చెయ్యి మైల పడ్తదని దాని పానం తీస్తవా? గిదేనా మీ సంఘం నేర్పింది?”

“సంఘం మాట ఎత్తకు.”

“ఎత్తుత. ఏం జేస్తవ్?”

అన్న కర్ర దించి కబురు పెడితే పశువుల దవాఖాన కాంపౌండరు వచ్చాడు. కుక్కను కట్టేయించి, మందపాటి తొడుగులు వేసుకుని, దాని నోట్లో కట్టె పెట్టి చూశాడు. పై పళ్ల మధ్య అడ్డంగా ఇరుక్కున్న ఎముక ముక్కను పటకారుతో లాగాడు.

“ఉడికిన ఎముక ముక్కలైతది, గుచ్చుకుంటది. కుందేలు పేగులు దీనికి పెట్టకుండ పారెయ్యుండ్రి. ఉప్పు, కారం, ఉల్లిగడ్డ లేకుండ మంచిగ ఉడకబెట్టి, ఒక్క ఎముక లేకుండ ఏరి, జర అన్నంల కలిపి పెట్టుండ్రి.”

“ఇన్నవా?” అంది వదిన, నావైపు తిరిగి.

షెడ్డులో కుందేళ్లు అయిపోయేదాకా నేనే ఏరాను. అడక్కుండానే గిన్నె తీసుకునేవాణ్ని. నోరులేని జీవం మీద దయ చూపమన్నదీ నేను చదివిన ఆ ధర్మశాస్త్రమే. ఏరడం అయ్యాక చేతులు రెండుసార్లు సబ్బుతో కడిగి ప్రార్థనకు కూర్చునేవాణ్ని.

వదిన మాత్రం ప్రతిసారీ నా చేతిలోంచి గిన్నె లాక్కుని, నా ఎదుటే మళ్లీ వేళ్లు పెట్టి వెతికేది. ఒక్క ఎముకా ఎన్నడూ దొరకలేదు. అయినా కుక్క ముందు గిన్నె పెట్టే పని నాకు మళ్లీ ఇవ్వలేదు.