పంచాయతీ గోడ మీది ఫొటో

మొయినాబాద్, చేవెళ్ల మండలాల వార్తలు రాసే పేపరు విలేకరిని నేను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఎప్పుడూ ఎదుటివాళ్ల మీదకే పోయే ఆ కోపం, ఒక్క ఫొటో విషయంలో మాత్రం నా మీదకే తిరిగింది.

కిందటిసారి సర్పంచ్ ఎన్నికల్లో మేం నలుగురు విలేకరులం మొయినాబాద్‌లో ఒక టీ హోటల్లో కూర్చునే అన్ని ఊళ్ల ఫలితాలూ రాసేశాం. అప్పటి పద్ధతే అది. పోలింగ్‌కు ముందే అభ్యర్థుల మనుషులు పాస్‌పోర్టు ఫొటోలు కవర్లలో పెట్టి ఇచ్చిపోయేవారు. సాయంత్రం ఊరి నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేసి "ఉంగరం గెల్సిందన్నా" అంటే చాలు, ఉంగరం గుర్తు కవర్లోని ఫొటో పంపి చేతులు దులుపుకునేవాళ్లం. సురంగల్ దిక్కున ఒక ఊళ్లో ఆడవాళ్లకు కేటాయించిన సీటు. గెలిచింది పూలతోటల్లో కూలికి వెళ్లే ఆమె. కవర్లో ఉన్నది ఆమె భర్త ఫొటో. నేను చూసుకోలేదు. "సర్పంచ్‌గా గెలుపొందిన" అంటూ ఆయన మొహమే అచ్చయింది.

వారం తిరక్కుండా ఆమె ఆ పేపరు పట్టుకుని హోటల్‌కే వచ్చింది.

"అన్నా, ఓట్లు నాకేసిన్రు. ఫొటో మా ఆయనది ఎట్లొచ్చింది?"

"ఇద్దరు ఒక్కటే గదక్కా. ఏం ఫరక్ పడ్తది?" అన్నాను, టీ గ్లాసు కింద పెట్టకుండానే.

"పడ్డది. గా పేపర్ ముక్కకు ఫ్రేమ్ కట్టిచ్చి పంచాయతీల పెట్టిన్రు. మీటింగ్‌కు పోతే, గోడ మీదున్నాయన కూసుంటడు, నువ్వు సంతకం వెట్టి పో అంటున్నరు."

తప్పు సరిచేసి మళ్లీ వేయమంది. రేపు చూద్దామన్నాను. ఆ రేపు రానేలేదు. ఆమె పదవిలో ఉన్నన్నాళ్లూ ఆ ఫ్రేమ్ అక్కడే ఉంది. వార్త కోసం ఆ ఆఫీసుకు వెళ్లినప్పుడల్లా గోడ వైపు చూడకుండా మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. నిజంగా సిగ్గేసేది.

మొన్నటి ఎన్నికలు వచ్చేసరికి ఇక ఇలా కుదరదనుకున్నాను. ఫోన్‌లోనే ఒక ఆన్‌లైన్ ఫారం తయారుచేశాను. గెలిచిన మనిషి సర్టిఫికెట్ చేత్తో పట్టుకున్న ఫొటో పెట్టకపోతే అది ముందుకు కదలదు. సర్టిఫికెట్ మీద ఏ పేరుంటే ఆ పేరే రాయాలి. మహిళా సంఘాల్లో ఫోను బాగా వాడేవాళ్లను ఊరికొకరిని బతిమాలి లింకు పంపాను. "ఇదేం చాదస్తమన్నా" అని తోటి విలేకరులు నవ్వారు. నవ్వుకోనీ అని ఊరుకున్నాను. ఆ ఫ్రేమ్ ఉన్న ఊరికి మాత్రం ఆ పాత సర్పంచ్‌నే అడిగాను, మొహం చెల్లకపోయినా.

"చేస్త," అంది.

లెక్కింపు రోజు సాయంత్రం ఐదింటికల్లా దాదాపు అన్ని ఊళ్ల ఫారాలూ వచ్చేశాయి. ఆ ఊరిదే మిగిలింది. ఈసారీ అది ఆడవాళ్ల సీటే. గెలిచింది ఒక ఇంటి చిన్న కోడలు. ఫారం రాకముందే ఆ ఇంటివాళ్లు నా వాట్సాప్‌కు ఫొటో పంపారు. అందులో మెడ నిండా దండలతో ఆమె మామ, చేతిలో సర్టిఫికెట్. ఇది చెల్లదని జవాబిచ్చాను. వెంటనే వాళ్లలో ఒకాయన ఫోన్ చేశాడు.

"జర అడ్జస్ట్ చెయ్యన్నా. పెద్దమనిషి, ఫీలైతడు."

"ఓట్లు ఆయనకు పడ్డయా? గెల్సినామె ఫొటో పంపున్రి," అని పెట్టేశాను.

ఈలోపు హైదరాబాద్‌లోని మా పేపరు డెస్క్ నుంచి ఫోన్. "అందరూ వెబ్‌సైట్లో వేసేశారు, మనమే వెనకపడ్డాం. ఉన్న ఫొటో పెట్టేయండి."

"ఫారం రాలేదు సార్. రాకపోతే ఆ ఊరు ఖాళీగానే పోనీయండి."

అటువైపు గొంతు పెరిగింది. నాదీ పెరిగింది. పట్టు మాత్రం వదల్లేదు.

ఆరు దాటాక ఫారం వచ్చింది. లెక్కింపు జరిగిన బడి వరండాలో ఆ కోడలు సర్టిఫికెట్‌ను రెండు చేతులతో గుండెకు ఆనించుకుని నిలబడి ఉంది. పక్కన మామ దండ అంచు కొంచెం కనిపిస్తోంది. ఆయన్ను ఎలా జరిపావని పాత సర్పంచ్‌కు ఫోన్ చేసి అడిగాను.

"ఏం జెయ్యలే. కాగితం మీద ఎవరి పేరున్నదో జర సదువున్రి అని చెప్పిన. అందరి ముంగటనే."

తెల్లారి ఆ ఫొటో పేపర్లో పెద్దగా వచ్చింది. నా గొప్ప చెప్పుకుందామని ఆమెకు మళ్లీ ఫోన్ చేశాను.

"చూసిన అన్నా, మంచిగొచ్చింది," అంది. "మరి నాది ఎప్పుడేస్తవు?" అని అడిగింది.

"ఇయ్యాల్నే పంపక్కా" అన్నాను. పావుగంటలో ఫొటో వచ్చింది. పూలతోటలో నిలబడి, మడతలు పడ్డ పాత సర్టిఫికెట్‌ను రెండు చేతులతో పట్టుకుని ఉంది. దాన్ని డెస్క్‌కు పంపి, కింద "సవరణ. తప్పు నాది" అని రాశాను.

వెంటనే డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. "ఇది ఎప్పటి ఎన్నికండీ? ఆమె పదవి కూడా అయిపోయింది కదా, ఇప్పుడెందుకు?"

"ఆ ఫ్రేమ్ ఇంకా గోడ మీదే ఉంది సార్," అన్నాను.