కంపెనీవాడు ఎక్కువిచ్చాడు

మా కొండపల్లిలో నాగుల్ మీరా ఏ వస్తువు విప్పి బిగించినా చివర్లో నాలుగు నట్లు మిగలాల్సిందే. మిగలకపోతే ఆ పూట అతనికి అన్నం సయించదని మా వీధిలో అందరి నమ్మకం. "ఇవేంటి మీరా, మిగిలిపోయాయి?" అని అడిగామనుకోండి, తడుముకోకుండా ఒకటే జవాబు. "కంపెనీవాడు ఎక్కువిచ్చాడు."

ఈ ఒక్క మాటతో అతను పోలీసుని గెలవడం నా కళ్ళారా చూశాను. ఇబ్రహీంపట్నం రింగు సెంటర్లో బస్సు కోసం నిలబడ్డాను. మీరా తన ఇంజను సైకిలు మీద పొగ చిమ్ముకుంటూ వచ్చాడు. సైకిలంటే మామూలు సైకిలే. మధ్యలో కొబ్బరికాయంత ఇంజను, దాని పైన పెట్రోలు బుడ్డి. ఆ చప్పుడుకి నా కాళ్ళ దగ్గర పడుకున్న కుక్క లేచి, నన్నోసారి కోపంగా చూసి, రోడ్డవతలకి వెళ్ళి పడుకుంది. కొత్తగా వచ్చిన కానిస్టేబులొకాయన చెయ్యడ్డం పెట్టాడు.

"లైసెన్సేదీ?"

"సైకిలుకి లైసెన్సేంటి సార్?"

"పొగొస్తోంది కదయ్యా! పొగొచ్చేది సైకిలెలా అవుద్ది?"

"పొగ మీ నోట్లోంచీ వస్తోంది సార్. అంతమాత్రాన మిమ్మల్ని లారీ అంటామా?"

కానిస్టేబులు సిగరెట్టు పారేశాడు. "ఇంజనుంటే బండి. లేకపోతే సైకిలు. తెలిసిందా?"

"అంతేగా! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా సార్."

మీరా అక్కడే గొంతుక్కూర్చుని పానా తీశాడు. నా పక్కనాయన టీ తాగడం అయ్యేలోపు ఇంజను ఊడొచ్చి గోనెసంచిలోకి వెళ్ళింది. సంచి వెనక క్యారేజీ ఎక్కింది. "ఇప్పుడు ఇదేంటి సార్?" అన్నాడు. సొంత మాటకి తనే దొరికిపోయిన కానిస్టేబులు "సైకిలే" అని గొణిగాడు. మీరా అతని అరచేతిలో నాలుగు నట్లు పెట్టాడు.

"ఇవేంటయ్యా?"

"కంపెనీవాడు ఎక్కువిచ్చాడు సార్. ఉంచుకోండి."

తొక్కుకుంటూ పోయాడు. నేనెక్కిన బస్సు మలుపు తిరిగేసరికి అక్కడో గోడ నీడన కూర్చుని, జేబులోంచి తళతళలాడే వేరే నట్లు తీసి ఇంజను మళ్ళీ బిగించేస్తున్నాడు. జేబులో ఎప్పుడూ కొత్త నట్లు పెట్టుకు తిరిగే మనిషి మీద నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. రాలేదు. నవ్వొచ్చింది.

నా పేరు అమలమ్మ. చదివింది మూడో తరగతి. అదీ పూర్తిగా కాదు, పరీక్షనాడు మిరపకాయలు కొయ్యడానికి తీసుకుపోయారు. అయినా నా రాత నేనే రాసుకుంటాను, ఇంకోళ్ళకి చెప్పి రాయించుకోను. నలభై ఏళ్ళు కొండపల్లి బొమ్మలకి కళ్ళు పెట్టాను. నేను కన్ను పెట్టిన ఏనుగు ఎటు చూడమంటే అటు చూసేది. నా కళ్ళ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనుంది.

మీరా థర్మల్ కరెంటు ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. అప్పట్నించీ మా వీధిలో ఏది ఆగినా అతనే. పైసా పుచ్చుకోడు. టీ తాగుతాడు. మా టేబులు ఫ్యాను గొంతు పట్టేసిన కోడిలా అరుస్తుంటే తీసుకెళ్ళి, మర్నాడు తెచ్చాడు. చేతిలో మూడు మరలు, రెండు రింగులు.

"ఇవి లోపల ఉండాల్సినవి కాదూ?"

"గాలొస్తోందా లేదా అక్కా?"

"వస్తోంది."

"చప్పుడుందా?"

"లేదు."

"మరింకేంటి? కంపెనీవాడు ఎక్కువిచ్చాడు."

పక్కింటి హనుమయ్య పొలం మోటారు బాగుచేస్తే పిడికెడు మిగిలాయి. "ఒరే మీరా, ఈసారి మిగిలినవాటితో ఇంకో మోటారు చెయ్యరా, అమ్ముకుందాం" అన్నాడు హనుమయ్య. ఇలా మిగిలినవన్నీ మీరా ఒక హార్లిక్సు సీసాలో పోసి కిటికీలో పెట్టుకునేవాడు. అది నిండుతుంటే మేం నవ్వుకునేవాళ్ళం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే, అబద్ధమెందుకు. అతను పానా పట్టుకుని వీధిలోకి వస్తే చాలు, "నట్ల దొంగొచ్చాడు, సామాన్లు లోపల పెట్టుకోండర్రా!" అని అరుగు మీంచి కేకేసేదాన్ని.

మీరా భార్య సయీదా నాకంటే ఘటికురాలు. "మా నిఖాలో కూడా ఇంతే వదినా. 'కుబూల్ హై' అని మూడుసార్లు అనమంటే ఈయన నాలుగుసార్లన్నాడు. ఒకటి ఎక్కువెందుకయ్యా అని ఖాజీ గారడిగితే, ఉండనివ్వండి, ఎప్పుడైనా పనికొస్తుంది అన్నాడు."

ఇదంతా నవ్వులాటగానే ఉండేది, మా తమ్ముడు అంతోని మోకాలు మొరాయించేదాకా.

అంతోని ముప్పై ఏళ్ళుగా ఇబ్రహీంపట్నం బేకరీలో రొట్టెలూ బన్నులూ రేకు పెట్టెలో నింపుకుని, సైకిలు మీద కొండపల్లి మీదుగా మైలవరం రోడ్డులో ఊళ్ళన్నీ తిరిగి అమ్ముతాడు. అతని రబ్బరు హారను వింటేగానీ కొన్ని ఇళ్ళలో పిల్లలు మొహం కడుక్కోరు. డాక్టరు చూసి, "నువ్వు సైకిలు తొక్కడం మానకపోతే నీ మోకాలు నిన్ను మానేస్తుంది" అన్నాడు. వారం ఇంట్లో కూర్చున్నాడు. బేకరీ ఓనరు కబురంపాడు: సోమవారం పొద్దున రాకపోతే లైను ఇంకోళ్ళకిచ్చేస్తానని.

లైను పోతే అంతోని మనిషి మిగలడు. మిగిలినా మా ఇంట్లో మిగులుతాడు. ఆ వారంలోనే నా వంటకి పద్దెనిమిది వంకలు పెట్టాడు. మోపెడ్ కొనుక్కోరా అంటే, "ముప్పై ఏళ్ళు దీనికి అలవాటుపడిన ఒళ్ళక్కా, ఇంకోదాని మీద కూర్చోదు" అని మూలిగాడు.

ఆ మూలుగు విని మీరా వచ్చాడు. "ఆ సైకిలుకే ఇంజను పెడదాం."

"నువ్వా?" అన్నాను. "ఫ్యాను మరలు మిగిల్చావు, ఊరుకున్నాను. ఫ్యాను మైలవరం రోడ్డెక్కదు. మా వాడు ఎక్కుతాడు, వెనకనించి బొగ్గు టిప్పర్లొస్తాయి."

"నన్ను నమ్మక్కా."

"నిన్ను నమ్మొచ్చు. నీ కంపెనీవాణ్ణి నమ్మలేను."

అంతోని నా మాట వినలేదు. బుధవారం అట్టపెట్టెలో ఇంజను కిట్టు వచ్చింది. లోపల ఇంజను, బుడ్డి, గొలుసు, వెనక చక్రానికి బిగించే పళ్ళచక్రం, ఓ సంచీడు నట్లూ బోల్టులూ, ఎలా బిగించాలో బొమ్మలేసిన కాయితం. కాయితం మీద అక్షరాలు చైనావాళ్ళవి. మీరా దాన్ని మడిచి బల్ల కాలి కింద ఎత్తుకి పెట్టాడు.

"చదవవా?"

"నాకు రాదు. నీకొచ్చా?"

"మూడో తరగతిలో ఇంకా చైనాదాకా రాలేదు."

గురువారం ఓ పూట ఎటో వెళ్ళొచ్చింది తప్ప, మూడు రోజులు వంచిన నడుం ఎత్తకుండా చేశాడు. పళ్ళచక్రం చువ్వలకి బిగించి, చక్రం తిప్పి, ఓ కన్ను మూసి చూసి, వెంట్రుకవాసి వంకరుందని మళ్ళీ విప్పి, మళ్ళీ బిగించి. అంతోనికి పాఠాలు కూడా చెప్పాడు. "ముందు రెండు తొక్కులు తొక్కు, ఈ పిడి వదులు, ఇంజను అందుకుంటుంది. పెట్రోల్లో ఆయిలు కలపడం మర్చిపోకు. ఇది వణుకుడు ఇంజను, ప్రతి ఆదివారం ప్రతి నట్టూ తట్టి చూడాలి. ఊరికే వదులైపోతాయి, మనుషుల్లాగా."

శుక్రవారం సాయంత్రం పనయిపోయింది. వెళ్ళి చూద్దును కదా, పరిచిన పేపరు మీద నట్లు, పొడుగు బోల్టులు, ఓ రేకు పట్టీకి బిగించిన చిన్న చక్రం. అన్నీ కలిపి పదమూడు ముక్కలు! ఫ్యానుకి ఐదు, మా తమ్ముడికి పదమూడు!

"మీరా!"

"కంపెనీవాడు—"

"ఆ మాటన్నావంటే నీ పానాతోనే నీ పళ్ళు బిగిస్తాను!"

సైకిలుకి మా వీధి తలుపు తాళం తెచ్చి వేశాను. తాళంచెవి జాకెట్లో దోపుకున్నాను. పదమూడు ముక్కలూ కొంగున మూటగట్టుకున్నాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి బెజవాడ వన్‌టౌన్లో దిగాను. ఇనప సామాన్ల కొట్లన్నీ అడుగుతూ పోతే, సైకిలింజన్ల సంగతి హబీబ్‌కి తెలుసన్నారు. అతని బల్ల మీద మూట విప్పాను.

"ఇవి ఎక్కడెక్కడ ఉండాలో చెప్పు నాయనా. బిగించినవాడు వదిలేశాడు."

హబీబ్ ఓ బోల్టు తీసి, బల్లకున్న ఇనప దవడల మధ్య ఇరికించి, పానాతో ఒక్క తిప్పు తిప్పాడు. టప్‌మని రెండు ముక్కలైంది.

"బెల్లమ్ముక్కమ్మా ఇది. కిట్టుతో వచ్చేవన్నీ ఇంతే. వణుక్కి వారంలో తెగుతాయి. గొలుసుని బిగువుగా పట్టే ఈ చిన్న చక్రం మరీ ప్రమాదం, కాస్త వదులైతే వెళ్ళి చువ్వల్లో పడుతుంది, మనిషి ఎగిరి ముందుకి పడతాడు. తెలిసిన మేస్త్రి ముందు వీటినే తీసి అవతల పారేసి, గట్టివి వేస్తాడు. వీటిని వదిలేసిన మేస్త్రి చెయ్యి మంచిది. ఎవరాయన?"

"నాగుల్ మీరా అని, కొండపల్లి."

హబీబ్ మొహం వెలిగిపోయింది. "మీరా భాయా! అయితే మీరు అమలమ్మ గారా?"

"నీకెలా తెలుసు?"

"గురువారం వచ్చాడమ్మా. గట్టివి ఇవ్వు, అమలమ్మక్క తమ్ముడు ఎక్కేది అని ఒక్కో బోల్టూ గోటితో గీకి చూసి మరీ పట్టుకెళ్ళాడు. మీ ఫ్యానుకి వేసిన బేరింగులు చప్పుడు చెయ్యట్లేదుగా? హనుమయ్య గారి మోటారులో బుష్షులు ఎలా ఉన్నాయి? కుట్టుమిషను అఫ్సా గారికి కొత్త సూది కడ్డీ సరిపోయిందా?"

మా వీధిలో వస్తువులన్నిటి జాతకం ఆ కొట్లో ఉంది. విరగనివన్నీ మళ్ళీ కొంగున మూటగట్టుకుని బస్సెక్కాను. బస్సులో కండక్టరు టిక్కెట్టని రెండుసార్లడిగినా పలకలేదు. మూడోసారి "మామ్మగారికి వినపడదేమో" అన్నాడు. దానిక్కూడా తిరిగి ఏమీ అనలేదంటే నా పరిస్థితి మీరే అర్థం చేసుకోండి.

తిన్నగా మీరా ఇంటికెళ్ళి, కిటికీలో హార్లిక్సు సీసా తీసి మంచం మీద గుమ్మరించాను. ఒక్కొక్కటీ వెలుతురులో పెట్టి చూశాను. ఒకదానికి పళ్ళు అరిగిపోయాయి. ఒకటి నిలువునా చిట్లింది. ఒకటి తుప్పు తినేసి నేరేడు గింజలా ఉంది. అందులో మిగిలిపోయినది ఒక్కటీ లేదు. అన్నీ పాడైపోయి తీసేసినవే, వాటి చోట్లో కొత్తవి వేశాకే. నలభై ఏళ్ళు బొమ్మలకి కళ్ళు పెట్టినదాన్ని, నా కళ్ళు ఎవరు పెట్టారో!

"ఎందుకు చెప్పలేదురా?"

"మెల్లిగా అక్కా, హనుమయ్యకి వినపడుద్ది."

"ఎందుకు చెప్పలేదని అడుగుతున్నాను!"

మీరా సీసాలోకి ఒక్కోటీ ఏరుకుంటూ అన్నాడు. "కొత్త సామాను వేశానంటే నువ్వు డబ్బు తీస్తావు. నువ్వు తీస్తే పక్కవాళ్ళూ తియ్యాలి. తియ్యలేనివాళ్ళు ఫ్యాను ఆగినా చెప్పకుండా చెమటలో పడుకుంటారు. ఇప్పుడైతే ఎవరికీ మొహమాటం లేదుగా. నట్లు మిగిల్చేవాడికి డబ్బులేంటి, టీ ఇస్తే చాలనుకుని నవ్వుకుంటూ వస్తారు."

సయీదా టీ గ్లాసు నా చేతిలో పెట్టింది. "నాకు మొదట్నించీ తెలుసు వదినా. అందుకే నేనూ నవ్వుతాను."

"ఎవరికీ చెప్పకక్కా" అన్నాడు మీరా. నోటితో చెప్పనని మాటిచ్చాను. రాయనని ఇవ్వలేదు. మా వీధిలో పుస్తకం తెరిచేవాడు ఎవడూ లేడు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

తాళం తీశాను. ఆదివారం పూజ అయ్యాక చర్చి గ్రౌండులో అంతోని నేర్చుకున్నాడు. మొదటిసారి పిడి వదలగానే సైకిలు ముందుకి దూకింది, వాడు "మరియమ్మ తల్లీ!" అని కళ్ళు మూసుకుని మూడు చుట్లు తిరిగాడు. ఆపడమెలాగో మీరా అప్పటికింకా చెప్పలేదు.

సోమవారం తెల్లారగానే వీధి వీధంతా బయటికొచ్చింది. అంతోని రేకు పెట్టె కట్టుకుని, రెండు తొక్కులు తొక్కి, పిడి వదిలాడు. టపటపటపమని పొగ లేచింది. మోకాలు వంచకుండా, మహారాజులా కూర్చుని, హారను కొట్టుకుంటూ ఇబ్రహీంపట్నం వైపు వెళ్ళిపోయాడు. అందరూ మీరా వైపు తిరిగారు.

"ఎన్ని మిగిలాయిరా ఈసారి?" అన్నాడు హనుమయ్య.

మీరా దోసిలి చాపాడు. "పన్నెండు. కంపెనీవాడు ఎక్కువిచ్చాడు." పదమూడోది హబీబ్ కొట్లో విరిగిపోయిందని నాకూ మీరాకీ తప్ప ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

వీధంతా నా నోటి వంక చూసింది. నేను అరుగెక్కి కొంగు బిగించాను. "ఓరి నట్ల దొంగా! నీ చేతులు... నీ చేతులు..." అన్నాను. తర్వాత ముక్క రాలేదు. ఆ చేతుల్ని ఏమని తిట్టను? చివరికి, "నీ చేతులు చల్లగుండ!" అని వచ్చేసింది.

హనుమయ్య నన్ను అనుమానంగా చూశాడు. మీరా అరుగు పక్కగా పోతూ, వంగి చెప్పు సరిచేసుకుంటున్నట్టు నటిస్తూ నాకు మాత్రమే వినిపించేలా అన్నాడు.

"తిట్టు వదులైందక్కా. కాస్త బిగించు."