గుర్రాల లెక్కన పదేళ్లు

ఈ ఏడాది జనవరి ఒకటి, గురువారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. పలచని పొగమంచు, మా వరండాలోని థర్మామీటరులో పధ్నాలుగు డిగ్రీలు. సీతాఫల్‌మండిలో మా వీధి మలుపున, బరాత్‌లకు అద్దెకిచ్చే తెల్ల గుర్రాన్ని ఒకాయన గోనెపట్టాతో రుద్దుతున్నాడు. తడిసిన వెంట్రుకలూ పచ్చగడ్డీ చెమటా కలిసిన ఆ వాసనకు, పాల ప్యాకెట్లతో నేను నాలుగు నిమిషాలు అక్కడే నిలబడిపోయాను.

యాభై అయిదేళ్ల కిందట ఇదే తేదీ శుక్రవారం పడింది. సెలవు రోజుల్లో మా నాన్న నన్ను వెంటబెట్టుకొని రెజిమెంటల్ బజార్‌లోని దర్జీ రాజయ్య దుకాణానికి వెళ్లేవారు. కాకినాడ నుంచి బదిలీ మీద వచ్చిన గుమాస్తా మా నాన్న. గుండుసూదులు పెదవుల మధ్య బిగించుకొనే మాట్లాడగల నేర్పరి రాజయ్య. నలభై ఏళ్లు గుర్రాలకు మాలిష్ చేసి విశ్రాంతి తీసుకొంటున్నవాడు యాదగిరి తాత. ముగ్గురికీ గుర్రప్పందాలంటే ప్రాణం, ఒక్కరూ పందెం కాయరు. రాజయ్య ఇంటి నుంచి వచ్చిన సకినాలు కొరుకుతూ, గుర్రం ఎత్తును తలదాకా కాక మూపుదాకానే ఎందుకు కొలుస్తారు, ముసలితనానికి తెల్లబడే గుర్రం ఏ రంగులో పుడుతుంది, మైలుకు ఫర్లాంగులెన్ని అని ఒకరినొకరు పరీక్షించుకొనేవారు. జవాబు తప్పినవాడు పక్క హోటలుకు వెళ్లి అందరికీ చాయ్ మోసుకురావాలి. నాన్న పదకొండు వారాలుగా చాయ్ తేలేదు. నేను ఇస్త్రీ బల్లను ఏటవాలుగా ఎత్తిపెట్టి చొక్కా గుండీలకు పరుగుపందెం నడుపుతూ, చెవులు మాత్రం వారికి అప్పగించేదాన్ని.

నాకు కావలసింది ఒక్కటే: మలక్‌పేటలో తెల్లవారుజామున గుర్రాలను పరుగెత్తిస్తారట, అది చూడాలి. అమ్మ భయానికి నాన్న ఒక గడువు పెట్టారు. పదేళ్లు నిండాలి. ఆ జనవరి ఒకటిన నా వయసు తొమ్మిదేళ్ల ముప్పై ఎనిమిది రోజులు. గడువుకు ఇంకా మూడు వందల ఇరవై ఏడు రోజులు.

ఆ ఉదయం రాజయ్య వంతు వచ్చింది. మార్చిలో పుట్టిన పిల్లగుర్రానికీ మే నెలలో పుట్టినదానికీ ఏడాది ఎప్పుడు నిండుతుందని అడిగాడు. నాన్న ఆలోచించనైనా లేదు. రెండింటికీ వచ్చే జనవరి ఒకటినే, పుట్టిన తేదీతో పని లేదు, రేసుగుర్రాలన్నింటికీ వయసు ఆ రోజే పెరుగుతుందన్నారు. యాదగిరి తాత నిజమేనని తల ఊపాడు.

నేను గుండీలు వదిలేసి లేచాను. "అయితే నాన్నా, నాకు ఇవాళ పదేళ్లు."

కుట్టుమిషను ఆగింది. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకొన్నారు. "అది గుర్రాలకమ్మా. మనుషులకు కాదు."

రాజయ్య నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి గౌనుగుడ్డకు గుచ్చాడు. "పిల్ల పొయ్యేది గుర్రాలను జూడనీకే గద సారూ. ఆడ గుర్రాల లెక్కనే నడుస్తది."

"రూలు జెప్పింది నువ్వే," అన్నాడు యాదగిరి తాత. "ఇగ నువ్వే కాదంటవా ఏంది? గట్లయితే జవాబు తప్పినట్టే, చాయ్ వట్కరా."

నాన్న నా వైపు చూశారు, తర్వాత గోడగడియారం వైపు. చెప్పులు తొడుక్కొని హోటలుకు నడిచారు. పదకొండు వారాల పరువు పోయిందని నేను బిక్కచచ్చి కూర్చున్నాను. కానీ తెచ్చిన చాయ్ గ్లాసులు నాలుగు, నాలుగోది నాది. "ఎల్లుండి, ఆదివారం, నాలుగున్నరకు లేవాలి. అమ్మకు మాత్రం నువ్వే చెప్పుకో," అన్నారు.

ఆదివారం ఆరున్నరకు నలుగురం మలక్‌పేటలో పరుగుబాట కంచె పక్కన నిలబడ్డాం. ముందు చప్పుడు వచ్చింది, నేల లోపల ఎవరో దంచుతున్నట్టు. ఆ వెనుక మంచును చీల్చుకొని ఆవిర్లు కక్కుతున్న ముట్టెలు. మా ముఖాల మీద మట్టి చిలికింది. ముగిశాక నాన్న మొత్తం పద్దెనిమిది గుర్రాలని లెక్క చెప్పారు. నేను ఒప్పుకోలేదు, కాలికి తెల్ల మచ్చ ఉన్న ఎర్ర గుర్రం రెండుసార్లు చుట్టు తిరిగిందన్నాను. యాదగిరి తాత నా లెక్కే సరైనదని తేల్చాడు.

ఆ దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోను తొడుగులు అమ్ముతున్నారు. ఆ ముగ్గురిలో ఎవరూ లేరు. నాన్నతో కంచె దగ్గరికి వెళ్లడం ఆ ఒక్కసారే పడింది. తర్వాతి వేసవికి ఆయనకు మళ్లీ బదిలీ అయింది. ఆ ఉదయం మేము చూసిన గుర్రాలు మొత్తం పదిహేడు.