సోమలింగం ఎనిమిది డిజైన్ల పుస్తకం

సోమలింగానికి యాభై ఎనిమిదేళ్లు వచ్చినా ‘కాదు’ అనడం చేతకాలేదు. పెళ్లిలో అన్నం మూడోసారి వడ్డిస్తే తిన్నాడు. పక్కింటివాళ్లు వారం రోజులు పిల్లిని చూడమని ఇచ్చి రెండు నెలలకు వస్తే, నవ్వుతూ అప్పగించాడు. “ఈయనకు దేవుడు నోరిచ్చింది చాయ్ తాగనీకే” అని భార్య పద్మారాణి గల్లీ అంతా చెప్పేది.

బతుకుతెరువుకు వలస వచ్చిన బమ్రోలి చీరల మిల్లుల్లో ముప్పయ్యేళ్లు ఆయన పని చీరలకు డిజైన్లు గీయడం. గళ్ల కాగితం మీద గడి గడికీ రంగు నింపుతూ మామిడి పిందెలు, నెమళ్లు వేసేవాడు. కంప్యూటర్లు వచ్చాక ఆ పని పోయింది కానీ చెయ్యి ఊరుకోలేదు.

గల్లీ పిల్లలు ఇంట్లో మాట్లాడే భాషను బట్టి క్రికెట్ జట్లు కట్టడం ఆయనకు కంటగింపుగా ఉండేది. తెలుగు పిల్లలదొకటి, ఒడియా పిల్లలదొకటి, మరాఠీవాళ్లదొకటి. ఎనిమిదేళ్ల రుక్సానాను ఏ జట్టూ పిలవదు. బంతి మురికి కాలువలో పడితే తీయడానికి మాత్రం పిలుస్తారు. అది చూడలేక, ఆరు నెలలు కూర్చుని గల్లీలోని ఎనిమిదిమంది పిల్లలనూ ఎనిమిది బొమ్మలుగా గీశాడు. గల్లీలోకి వాననీళ్లు వచ్చిన రోజు అందరూ ఒకే మేడ ఎక్కి, తలా తెచ్చింది పంచుకు తింటారు. అంతే కథ. బొమ్మ కింద తెలుగులో రెండు ముక్కలు, హిందీలో రెండు ముక్కలు.

గళ్ల కాగితం అలవాటు వల్ల అందరి బుగ్గలూ నలుచదరంగా వచ్చాయి. హైదరాబాదు ప్రచురణకర్త ఒకాయన ఆ కారణంతోనే పుస్తకాన్ని తిప్పి పంపాడు. “ఆయనెవరు మన పోరగాండ్ల బుగ్గలకు వంక పెట్టనీకే? మనమే అచ్చేపిద్దాం” అంది పద్మారాణి.

సోమలింగానికి తెలిసిన ప్రెస్ ఒక్కటే, చీరల క్యాటలాగులు వేసే దినేశ్‌భాయ్‌ది. తొలి విడత పుస్తకాలు, ప్రెస్సు మాటలో ‘మొదటి లాట్’, వచ్చాయి. ఆయన కట్ట విప్పి చూశాడు. ప్రెస్సువాళ్లు అలవాటు కొద్దీ ప్రతి బొమ్మ కిందా నంబరు వేశారు. ఒడియా పిల్లవాడు జగన్నాథ్ ‘డిజైన్ నం. 1001, విత్ బ్లౌజ్’. రుక్సానా 1004. ఆమెకూ బ్లౌజే.

“బొమ్మలున్నాక నంబర్లు ఉండవా కాకా?” అన్నాడు దినేశ్‌భాయ్. సోమలింగం ఎప్పటిలాగే సరే అని, మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

పిల్లలకు మాత్రం నంబర్లు తెగ నచ్చేశాయి. పేర్లు మానేసి నంబర్లతోనే పిలుచుకోసాగారు. వారం తిరక్కుండా సరి సంఖ్యలొక జట్టు, బేసి సంఖ్యలొక జట్టు అయ్యాయి. సరి సంఖ్యల తరఫున మొదటి బ్యాటింగు 1004ది.

అప్పుడొచ్చాడు నరహరి. మార్కెట్లో చీరల హోల్‌సేల్ దుకాణం ఆయనది, వినాయక మండపానికి పెద్ద. పండుగ పోటీల్లో నాలుగు గల్లీల పిల్లలకు బహుమతులుగా వంద పుస్తకాలు కావాలన్నాడు. తన పుస్తకం గల్లీ దాటబోతోందని సోమలింగం పొంగిపోయాడు.

“బొమ్మలు మస్తున్నయ్ సోమలింగం. గానీ గీ 1004 పేజీ ఒక్కటి చింపెయ్. పండుగ మనది గదా, ఎవడన్న ఏమన్న అంటడు.”

సోమలింగానికి అలవాటైన ‘సరే’ నాలుక చివరిదాకా వచ్చింది. పొయ్యి దగ్గర పద్మారాణి అట్లకాడ ఆపింది. బయట రుక్సానా బంతిని గోడ దాటించి కేకలు పెడుతోంది.

“అన్నా, నీ దుకాన్ల ఎనిమిది డిజైన్ల సెట్టుకెల్లి ఒక్కటి తీసెయ్యమంటే తీస్తవా?” అన్నాడు సోమలింగం మెల్లగా.

“ఎట్ల తీస్త? ఎవడడిగినా ఫుల్ సెట్టే” అనేశాడు నరహరి, ఆలోచించకుండానే.

“నాది గూడ గంతే. తీస్కుంటే ఎనిమిది మందిని తీస్కో. లేకుంటే లేదు.”

ఇంతకాలం గిరాకీలకు తను చెప్పిన మాటే నరహరికి తిరిగొచ్చింది. “ఎప్పటి సంది నేర్సినవయ్యా గీ బేరం?” అని గొణుక్కుంటూ వంద పుస్తకాలకూ ఒప్పుకుని వెళ్లాడు. ఆయన వెళ్లగానే సోమలింగం గడప మీద చతికిలబడ్డాడు. జీవితంలో అంత సంతోషం ఆయన ఎరగడు.

బహుమతుల రోజున నిమ్మకాయ చెంచా పందెంలో గెలిచి రుక్సానా వేదికెక్కింది. నరహరి మైకు పట్టుకుని, పుస్తకంలోని బొమ్మనూ పిల్లనూ మార్చి మార్చి చూశాడు. “వెయ్యిన్ని నాలుగు నువ్వేనా?” అని హిందీలో అడిగాడు.

ఆమె తలూపి, పుస్తకం అందుకుని అక్కడే పేజీలన్నీ తిరగేసింది. “మరి మీ నంబరెంత తాతా? ఇందులో మీరు లేరేం?” అంది హిందీలోనే, మైకులోకి వంగి.

మండపమంతా గొల్లుమంది. నరహరి ఒక్కడే నవ్వలేదు. జనంలో ఉన్న సోమలింగం వైపు చూసి, ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు.

“ఆలస్యమైంది బిడ్డా, వచ్చే లాట్ల ఉంట” అన్నాడు.