తాత పట్టి చూసిన పొట్టేలు

పొట్టేలును కొనేవాడు ముందు పళ్ళు చూస్తాడు, తర్వాత నడక చూస్తాడు. ఆఖరున వెనక్కి వెళ్ళి వంగి, రెండు బీజాలూ చేత్తో పట్టి చూస్తాడు. రెండూ కిందికి దిగి ఉండాలి, సమానంగా ఉండాలి, వేళ్ళ మధ్య నున్నగా జారాలి. హిందూపురం సంతలో అంతమంది చూస్తుండగా సుంకప్ప ఈ పని ఏ మాత్రం మొహమాటం లేకుండా చేస్తాడు. తాత నారాయణప్ప నేర్పిన విద్య అది. కానీ ముప్పై ఏళ్ళొచ్చినా తన ఒంటిని మాత్రం ఒక్కనాడూ పట్టి చూసుకున్న పాపాన పోలేదు. గురివింద గింజ తన నలుపెరగదంటారు గదా, మగవాళ్ళ సిగ్గు అంతకన్నా గుడ్డిది.

ఆ మధ్యాహ్నం పెనుకొండ కొండ కింద మంద మేస్తోంది. వాన వెలిసి రాళ్ళు ఆవిరి కక్కుతున్నాయి. గొర్రెల మెడగంటలు ఒకసారి చెవి పక్కన, ఒకసారి ఎక్కడో దూరాన మోగుతున్నాయి. సుంకప్ప కంబళి పరచుకుని ఒరిగాడు. రెప్ప మూశాడో లేదో, ఎప్పుడో చనిపోయిన తాత కొండ దిగి వచ్చాడు. బతికున్నప్పుడూ తొందర ఎరగని మనిషే, చచ్చినా ఆ అలవాటు పోలేదు. పొట్టేళ్ళన్నీ బుద్ధిగా వరసలో నిలబడ్డాయి. తాత ఒక్కొక్కదాన్నీ పట్టి చూసి, "మందలో ఉండనీ" అంటూ ముందుకొస్తున్నాడు. వరస చివర సుంకప్ప నిలబడి ఉన్నాడు. అదేమీ అతనికి వింతగా అనిపించలేదు. తాత చల్లని చెయ్యి తగిలింది, ఆగింది.

"దీన్ని పక్కన పెట్టు" అన్నాడు తాత.

మెలకువ వచ్చేసరికి మంద చాలా దూరం పోయింది. సుంకప్ప చుట్టూ ఒకసారి చూసి, పంచెలోకి చెయ్యి పోనిచ్చాడు. కుడి పక్కన చెనక్కాయ విత్తనమంత గట్టిగా ఒక గడ్డ తగిలింది. నొక్కినా నొప్పి లేదు. పక్కన పెట్టిన పొట్టేలు మర్నాడు ఏ కసాయి ఇంటికి పోతుందో అతనికి బాగా తెలుసు.

తోటి గొర్రెల కాపరి మారెప్పతో చెప్పుకుంటే అతను నవ్వేశాడు. నొప్పి లేనప్పుడు భయమెందుకు, ఎండలో సంతలకు బండి మీద తిరుగుతుంటే వేడి చేసి ఉంటుంది, లేదా నీరు పట్టి బుడ్డ దిగుతోందేమో, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగమన్నాడు. మా వైపు జలుబు చేసినా వేడే, కాలు బెణికినా వేడే. సుంకప్ప సబ్జా నీళ్ళు తాగుతూ కూర్చున్నాడు. పెళ్ళయి రెండేళ్ళయినా ఇంకా పిల్లలు లేరు, ఈ మాట భార్య ధరణి చెవిన ఎట్లా వేసేది? పగలు మంద వెనక నడుస్తున్నా తాత చెయ్యి ఇంకా ఒంటిని అంటుకునే ఉన్నట్టుండేది.

తర్వాతి నెల సంతలో ఒక దిట్టమైన పొట్టేలు కంటబడింది. కొమ్ములు మెలి తిరిగి చూడముచ్చటగా ఉంది. అలవాటుగా వంగి పట్టి చూశాడు. ఒక బీజం రాయిలా ఉంది. పొట్టేలు మాత్రం తీరిగ్గా నెమరు వేస్తోంది. దానికి నొప్పే లేదు, కావాలంటే మళ్ళీ నొక్కి చూసుకొమ్మన్నాడు అమ్మేవాడు.

"నొప్పి లేకుంటే మంచిదనుకుంటాండావా? ఎవురప్పా నీకు చెప్పింది?" అన్నాడు సుంకప్ప.

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని తెలియడానికి కాసేపు పట్టింది. పొట్టేలు తాడు అమ్మేవాడి చేతిలో పెట్టి ఇంటిదారి పట్టాడు.

ఆ సాయంత్రమే ధరణికి కలతో సహా అంతా చెప్పేశాడు. ఆమె ఏడవలేదు. ఇన్నాళ్ళు దాచినందుకు నాలుగు చీవాట్లు పెట్టి, మర్నాడు పొద్దున్నే రైలెక్కించి ధర్మవరం తీసుకుపోయింది. అక్కడి డాక్టరు చీకటి గదిలో టార్చి వేసి చూశాడు. నీరు పట్టిన బుడ్డయితే లోపల దీపం పెట్టినట్టు ఎర్రగా వెలుగుతుందట. ఇది వెలగలేదు. స్కానింగు, రక్త పరీక్ష అయ్యాక, వృషణంలో క్యాన్సర్ అని మెల్లగా చెప్పాడు. చిన్నప్పుడు రెండూ దిగే ఉన్నాయా అని అడిగాడు. ఇంటికి ఫోను చేస్తే తాత భార్య పాపమ్మ అవ్వ, ఒకటి మూడో ఏడు దాటాక గానీ దిగలేదురా అంది. పొట్టేలును బేరమాడేటప్పుడు తాను ఆఖరున చేత్తో పట్టి తేల్చుకునే ప్రశ్నే అది. సుంకప్పకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

అట్లా ఆలస్యంగా దిగినవాళ్ళకు ఈ జబ్బు వచ్చే అవకాశం కొంచెం ఎక్కువనీ, చాలామందికి కారణమే తెలియదనీ, వేడికీ బండికీ దీనితో సంబంధం లేదనీ డాక్టరు విడమరిచాడు. ఇది వయసులో ఉన్నవాళ్ళకే ఎక్కువగా వస్తుందట. నొప్పి లేదని ఊరుకుంటే పాకుతుంది, ముందే పట్టుకుంటే దాదాపు అందరూ బాగవుతారు. గజ్జల దగ్గర కోసి ఆ బీజం మొత్తం తీసేయాలన్నాడు.

సుంకప్ప అడగలేనిది ధరణే అడిగింది. మిగిలింది బాగుంటే పిల్లలకు ఒక్కటే చాలునమ్మా అన్నాడు డాక్టరు.

ఆపరేషన్ అయింది. జబ్బు ఎక్కడికీ పాకలేదు. రైల్లో తిరిగొస్తుంటే పెనుకొండ కొండ కిటికీలోకి నింపాదిగా వచ్చింది. వాలు మీద ఎవరిదో మంద కదులుతోంది. దాని వెనక కంబళి కప్పుకున్న మనిషి ఒకడు ఇటే చూస్తున్నట్టు తోచింది. సుంకప్ప ధరణికి చూపించబోయేలోగా రైలు మలుపు తిరిగింది.

డాక్టరు రమ్మన్నప్పుడల్లా పరీక్షలకు పోతున్నాడు. నెలకోసారి వేడినీళ్ళ స్నానం చేస్తూ, ఒళ్ళు వదులైనప్పుడు, మిగిలిన దాన్ని వేళ్ళ మధ్య నెమ్మదిగా దొర్లించి చూసుకుంటాడు. అప్పుడు లోపల నీళ్ళ చప్పుడు ఆగిపోతుంది. తలుపు బయట ధరణి చేతిలో పని వదిలేసి నిలబడుతుంది.

"ఏమనె మీ తాత?" అని అడుగుతుంది. నవ్వుతూ అడగాలనే అనుకుంటుంది గానీ, జవాబు వచ్చేదాకా తలుపు మీద చెయ్యి తియ్యదు.

"మందలో ఉండనీ అన్నాడు."

చెంబు మళ్ళీ నీళ్ళలో మునుగుతుంది.